చూపు వాటా

పుట్టగొడుగుల దగ్గర గట్టిగా మాట్లాడకూడదు, వేలెత్తి చూపకూడదు, ఇనుము తాకించకూడదు. ఈ మూడూ సంగమ్మకు అత్త శివమ్మ నేర్పింది. శివమ్మకు ఆమె అత్త నేర్పింది. అవి మొలిచే చోటు కూడా అలాగే అత్త నుంచి కోడలికి వచ్చింది. కొడుకులకు చెప్పరు. మగవాడి చెవిన వేసినా, కల్లు దుకాణం ముందు దండోరా వేయించినా ఒకటేనని శివమ్మ అంటుంది. ఆమె మొగుణ్ణి ఎరిగినవాళ్లెవరూ ఆ మాట కాదనలేదు.

అందుకే ఆ ఆదివారం, జిన్నారం దగ్గరి అడవిలో పగిలిన రాతిగుండు వెనక మోకాళ్ల మీద వంగి ఉన్న సంగమ్మకు సైకిల్ చప్పుడు వినబడేసరికి ఒళ్లు మండింది. తిరిగి చూస్తే దేవదానం. ఇద్దరిదీ పటాన్‌చెరు దగ్గర కొత్తగా లేచిన పంపుల ఫ్యాక్టరీలోనే పని. అతను పెయింటింగ్ షెడ్డులో, ఆమె గెస్ట్ హౌస్ తోటలో కలుపు తీసే కూలి. చెల్లెలి ఇంటికి పోయి ఇస్నాపూర్‌కు తిరిగొస్తూ, ముసురు పట్టకముందే ఇల్లు చేరాలని అతను అడ్డదారిన పడ్డాడు. సరిగ్గా ఆ గుండు దగ్గరే సైకిల్ చెయిను ఊడింది.

"సంగమ్మక్కా! నువ్వేనా?"

ఆమె పెదాల మీద వేలు పెట్టుకుని కళ్లెర్రజేసింది. అప్పుడతను నేల వైపు చూశాడు.

రెండు రోజుల వానకు ఎర్రమట్టి నానిపోయి ఉంది. దాని మీద రాలిన తునికాకు కుళ్లి నల్లబడింది. పాత పుట్ట చుట్టూ, గుండు పగులు దాకా, పుట్టగొడుగులు మట్టిని నెట్టుకుని లేస్తున్నాయి. కొన్నింటి నెత్తిన మట్టిపెళ్ల ఇంకా అలాగే ఉంది. కొన్ని పూర్తిగా విచ్చుకుని అంచులు చీలాయి. మబ్బు పట్టి చెట్ల కింద వెలుతురు బాగా తగ్గింది. ఆ ఉన్న కాస్త వెలుతురూ వాటి మీదే ఉన్నట్టు తోచింది దేవదానానికి.

సంగమ్మ అతన్ని పట్టించుకోకుండా పని సాగించింది. ఎండుపుల్లతో చుట్టూ మట్టి వదులు చేసింది. మొదలును రెండు వేళ్లతో పట్టి, అటూ ఇటూ ఆడించి మెల్లగా లాగింది. జానెడు వేరు తెగకుండా బయటికి వచ్చింది.

"కత్తితోని కోస్తే అయిపోతది గదక్కా" అన్నాడు గొంతు తగ్గించి.

"కోస్తే పుట్ట అలుగుతది. మల్లేడాది లెవ్వదు."

దేవదానం సైకిల్‌ను గుండుకు ఆనించి, చెయిను సంగతి మరిచి, గొంతుక్కూర్చున్నాడు. నాలుగేళ్లుగా పంపుల మీద స్టెన్సిల్ రేకు పెట్టి నంబర్లు కొట్టడమే అతని పని. అంతకు ముందు చర్చి గోడల మీద వాక్యాలు రాసేవాడు. రాయడమంటే అతనికి చేతిపని. చూడడమంటూ ఒకటి ఉందని ఆ రోజు దాకా పెద్దగా తట్టలేదు. అర్ధగంట పైనే చూశాడు.

లేచేముందు సంగమ్మ మోదుగాకులో ఒక పిడికెడు పుట్టగొడుగులు పొట్లం కట్టి ముందుకు చాపింది.

"ఇగో, నీ చూపు వాటా."

"నాకెందుకక్కా?"

"కండ్లవడ్డది గద తమ్మీ. కండ్లవడ్డోనికి వాటా ఇయ్యాలె. తీస్కున్నోడు జాగ చెప్పొద్దు. మా తాన గదే కట్టు. వద్దంటివా, నువ్వు ఈడికెళ్లి కదలవు, నేను కదల."

దేవదానం పొట్లం తీసుకున్నాడు. "నోరు తెరువనక్కా."

"మీ దేవుని మీద ఒట్టెయ్."

"మాకు ఒట్లుండయి. అన్న మాటే ఒట్టు."

ఆమె ఒక క్షణం అతని మొహంలోకి చూసి, సరే అన్నట్టు గంప నెత్తిన పెట్టుకుంది. ఆ పూట దేవదానం భార్య గ్రేస్ వాటిని ఎండుమిరపకాయలతో వేయించింది. మొగుడూ పెళ్లాలు జొన్నరొట్టెలో అద్దుకుని, గిన్నె అడుగు కూడా తుడిచి తిన్నారు.

*

ఆ వారంలోనే దేవదానం బతుకులో ఒక పెద్ద పని ఉంది. గెస్ట్ హౌస్ హాల్లో ఒక గోడ బోసిగా ఉందని, దాని మీద పెట్టడానికి ఏదైనా బొమ్మ వేయమని పర్సనెల్ ఆఫీసరు కామరాజు అతనికి నాలుగడుగుల హార్డ్‌బోర్డు ఇప్పించాడు. శుక్రవారం బొంబాయి నుంచి డైరెక్టరు వస్తున్నాడు.

"తామరపూలో, బాతులో వెయ్యవయ్యా. చూడ్డానికి చల్లగా ఉండాలి" అన్నాడు కామరాజు. ఆయనది కాకినాడ వైపు. "ఆయనకి నచ్చిందనుకో, ఆర్టిస్టు పోస్టు ఒకటి ఖాళీగానే ఉంది. నాలుగేళ్ల నుంచి టెంపరరీగా ఉన్నావు, పర్మనెంటు చేయించే పూచీ నాది."

దేవదానం తామరపూలే వేద్దామనుకున్నాడు. పిల్లలు లేని ఇల్లు, కిరాయి గది, గేటు దగ్గర ప్రతి మూడు నెలలకూ పేరు కొట్టేసి మళ్లీ రాసే రిజిస్టరు. ఇవన్నీ తెలిసినవాడికి తామరపూల మీద పేచీ ఏముంటుంది? సోమవారం షిఫ్టు దిగాక బోర్డుకు ముందుగా రెడాక్సైడ్ పూశాడు. ఇనుముకు తుప్పు పట్టకుండా పూసే ఎర్రరంగు అది. షెడ్డులో వెలుతురు తగ్గుతుంటే ఆ తడి ఎరుపు మీద జిన్నారం అడవి నేల కనిపించింది. ఇక తామరపూలు రాలేదు.

షెడ్డులో ఉన్న రంగులే అతని రంగులు. మోటార్లకు వేసే బూడిదరంగు, పైపులకు పూసే తారునలుపు, హెచ్చరిక బోర్డుల పసుపు, పంపుల ఒంటికి కొట్టే ముదురు ఆకుపచ్చ. బ్రష్షుతో మొదలుపెట్టి విసుగొచ్చి, గుంతలు పూడ్చే పట్టీ బ్లేడు అందుకున్నాడు. రంగు ముద్దలు ముద్దలుగా పెట్టి బ్లేడుతో నెట్టాడు. పుట్టగొడుగులు ఉన్నదానికి నాలుగింతలయ్యాయి. మట్టిని చీల్చుకుంటూ, ఒకదాన్నొకటి తోసుకుంటూ బోర్డు అంచు దాకా వచ్చాయి. ఆకులు ఆకుల్లా లేవు, నల్లటి దెబ్బల్లా ఉన్నాయి. గుండు ఒక్కటే ఉన్నట్టే వచ్చింది. పైనుంచి కిందికి పగులు, దాని పక్కన వంకర తునికిచెట్టు, చెట్టు మొదట్లో పుట్ట. జాగ చెప్పొద్దన్న మాట అతనికి ఒకసారి గుర్తొచ్చింది. నోరు తెరిచింది ఎవరు గనక అనుకున్నాడు. తరువాత గుర్తు రాలేదు.

కుడి మూల మాత్రం రెండు రోజులు ఖాళీగా ఉండి అతన్ని సతాయించింది. బుధవారం గోడ కొలత తీసుకోవడానికి గెస్ట్ హౌస్‌కు పోయినప్పుడు, లాన్‌లో తెల్లటి పెద్ద గొడుగులు ఒక వరసలో కనిపించాయి. రోజూ పైపుతో తడిపే గడ్డి అది. వంగి ఒకదాన్ని పైకెత్తి చూస్తే అడుగున పొరలు ఆకుపచ్చగా ఉన్నాయి. అలాంటి పచ్చదనం అతను పంపుల మీద తప్ప ఎక్కడా చూడలేదు.

"ముట్టకు తమ్మీ" అంది పక్క మడిలో కలుపు తీస్తున్న సంగమ్మ. "గవి మంచియి గావు. మేక గూడ మూతి వెట్టదు."

దేవదానం వేళ్లు చొక్కాకు తుడుచుకున్నాడు. ఆ సాయంత్రం షెడ్డుకు పోయి, పంపుల ఆకుపచ్చ డబ్బా మూత తీసి, ఖాళీ మూలలో అలాంటి గొడుగులు మూడు వేశాడు. బొమ్మ నిలబడింది. అది తప్పని అతనికి అనిపించలేదు. బొమ్మ అడిగింది, తను ఇచ్చాడు.

*

శుక్రవారం పొద్దున బోర్డును గోడకు తగిలించాక కామరాజు చాలాసేపు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"పూలు వెయ్యమంటే కుక్కగొడుగులు వేశావేంటయ్యా?"

మరో బొమ్మకు టైము లేదు గనక అదే ఉండిపోయింది. పదకొండింటికి డైరెక్టరు వచ్చాడు. లావు కళ్లద్దాలు, సన్నటి మనిషి. టీ కప్పు పట్టుకుని బొమ్మ దగ్గరికి పోయి, ఎండిన రంగు ముద్దను గోటితో తాకి చూశాడు. ఎవరు వేశారని అడిగాడు. దేవదానాన్ని షెడ్డు నుంచి పిలిపించారు.

"దేఖ్‌కే బనాయా, యా సోచ్‌కే?"

చూసి వేశావా, ఊహించి వేశావా అని అడుగుతున్నాడు. ఊహించి అంటే ఎందుకో తక్కువైపోతానని దేవదానానికి అనిపించింది.

"దేఖ్‌కేచ్ బనాయా సాబ్. జైసా థా వైసాచ్." ఉన్నది ఉన్నట్టే అన్నాడు.

డైరెక్టరు తలాడించాడు. కళ్లతో చూసింది చేత్తో పెట్టగలిగినవాడు ఫ్యాక్టరీకి పనికొస్తాడనీ, యంత్రాల బొమ్మలు కూడా వేస్తాడనీ కామరాజుతో ఇంగ్లీషులో చెప్పాడు. సోమవారం ఆర్డరు ఇచ్చేయమన్నాడు. దేవదానానికి అందులో సోమవారమన్న మాట ఒక్కటి బాగా అర్థమైంది. బయటికొచ్చి ఆ ఒక్క మాటే గొణుక్కుంటూ షెడ్డుకు నడిచాడు.

లోపల డైరెక్టరు ఇంకో మాట అడిగాడట. ఇవి ఇక్కడ దొరుకుతాయా, రాత్రి భోజనానికి వండిస్తారా అని. కామరాజు వెంటనే సంగమ్మను పిలిచి మధ్యాహ్నం నుంచి సెలవిచ్చి పంపాడు. ఆమె పొద్దు గూకేముందు వచ్చింది. వాన వెనకబట్టి నాలుగు రోజులైంది. గంప అడుగు కూడా సరిగ్గా నిండలేదు. వంట మనిషి నరసరాజు వెనక తలుపులో నిలబడి గంపలోకి చూసి, "ఇవి పదకొండు మందికి ఏ మూలకమ్మా?" అన్నాడు.

"ఉన్నయే గవి అయ్యా" అని ఆమె వెళ్లిపోయింది.

*

శనివారం పొద్దున గేటు దగ్గరే తెలిసింది. డైరెక్టరుకూ మరో ముగ్గురికీ తెల్లవారుజాము నుంచి వాంతులు. కారులో హైదరాబాద్ తీసుకుపోయారు. సెలైన్ ఎక్కిస్తున్నారు. ప్రాణానికి భయం లేదన్నారట.

తొమ్మిదింటికి దేవదానాన్ని గెస్ట్ హౌస్‌కు రమ్మన్నారు. హాల్లో కామరాజు నిలబడే ఉన్నాడు. గడ్డం గీసుకోలేదు. వంటింటి తలుపు దగ్గర నరసరాజు తువ్వాలుతో చేతులు తుడుచుకుంటున్నాడు, తడి లేకపోయినా. వాచ్‌మన్ యాదన్న సంగమ్మను వెంటబెట్టుకు వచ్చాడు. ఆ తోటలో రెండేళ్లుగా పనిచేస్తున్నా ఆమె హాల్లో అడుగుపెట్టడం అదే మొదలు. గుమ్మం ముందు గోనెపట్టా మీద పాదాలు రెండుసార్లు తుడుచుకుంది. లోపలికొచ్చి తలెత్తితే ఎదురుగా గోడ మీద ఆమె చోటు ఉంది.

దేవదానం ఆమె చూపును గమనించాడు. అది ముందు గుండు మీదికి పోయింది. తరువాత వంకర చెట్టు. తరువాత పుట్ట. దొంగలు పడ్డ ఇంట్లో మనిషి సామాను చూసుకునే వరస అది. ఆఖరికి ఆమె అతని వైపు తిరిగింది.

"ఎక్కడ కోశావు?" అన్నాడు కామరాజు.

"అడవిల."

"అడవంటే? ఏ చోట?"

ఆమె గుమ్మం వైపు చూసింది.

"చూడమ్మా, చోటు చెబితే మనిషిని పంపించి చూడమంటాను. మంచివో చెడ్డవో తేలిపోతుంది. చెప్పకపోతే తప్పు ఒప్పుకున్నట్టే."

సంగమ్మ కొంగు వేలికి చుట్టుకుంటూ నేల చూసింది. చెబితే అయిపోతుందని అక్కడున్న అందరికీ తెలుసు. చెబితే ఏమైపోతుందో ఇద్దరికే తెలుసు.

కామరాజు దేవదానం వైపు తిరిగాడు. "నువ్వు ఈమె కోసే పుట్టగొడుగులు చూసే వేశావా ఇది?"

"అవును సార్."

"ఉన్నది ఉన్నట్టేనని నిన్న చెప్పావు."

"అవును సార్."

కామరాజు గోడ దగ్గరికి పోయి బొమ్మ కుడి మూలలో వేలు పెట్టాడు. "డాక్టరు ఫోనులో ఒకటే అడిగాడు. అడుగున ఆకుపచ్చగా ఉన్నాయా అని. ఇవిగో."

దేవదానం ఆ వేలి కింది ఆకుపచ్చనే చూశాడు.

"గవి నా జాగల మొలువయి సారూ" అంది సంగమ్మ మొదటిసారి తలెత్తి. "గవి మీ గడ్డిలుంటయి."

కామరాజు కిటికీలోంచి బయటికి చూశాడు. లాన్ శుభ్రంగా ఉంది. ఒక్క గొడుగు లేదు. "ఏవీ? బొమ్మలో మాత్రం నీ చోటే ఉంది, దాంట్లో ఇవీ ఉన్నాయి. అతనికి నీ మీద పగేమన్నా ఉందా అబద్ధం వెయ్యడానికి?"

ఒక్క మాట అంటే సరిపోయేది. అవి నేను లాన్‌లో చూసినవి సార్ అని. ఆ మాట నాలుక మీదికొచ్చింది. వెనకే సోమవారం కూడా వచ్చింది. రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉండగానే కామరాజు చెయ్యి చాపాడు, సంగమ్మ కొంగు ముడి విప్పి గేటు బిళ్ల తీసి ఆ చేతిలో పెట్టింది. ఇత్తడి బిళ్ల, మీద నంబరు. ఆ నంబర్లు కొట్టింది కూడా దేవదానమే.

బయట మెట్ల దగ్గర యాదన్న అతని పక్కనే నడిచాడు. యాదన్నది జిన్నారం దారిలో ఒక పల్లె.

"గా బొమ్మల గుండు నేనేడనో సూసిన దేవదానం. తునికాకుకు పోయేటప్పుడు వస్తది గద, గదేనా?"

"ఏమో అన్నా. అడవిల గుండ్లు మస్తుంటయి."

"పగిలింది ఒక్కటే ఉంటది" అన్నాడు యాదన్న ఆలోచిస్తూ.

*

ఆదివారం దేవదానం చర్చికి పోయాడు. ఏ పాట పాడారో తెలియలేదు. ఇంటికొచ్చి మంచం మీద పడుకుని పైకప్పు రేకులు చూశాడు. గ్రేస్ గుమ్మంలో కూర్చుని చేటలో బియ్యం చెరుగుతోంది. సంగతంతా శనివారమే విన్నది. ఊరంతా విన్నది కూడా. సంగమ్మ సారులకు విషం పెట్టిందని పంపు దగ్గర ఆడవాళ్లు చెప్పుకుంటున్నారు.

"మనం గూడ తింటిమి గద" అంది చేట ఆపకుండా.

"తింటిమి."

"మనకేం గాలే."

"గాలే."

"మరి చెప్పకపోతివి?"

"నోరు తెరువనని మాటిచ్చిన గ్రేస్."

ఇది అతను నిన్నటి నుంచి తనకు తాను చెప్పుకుంటున్న జవాబు. గ్రేస్ చేట పక్కన పెట్టింది.

"జాగ గురించి గద ఇచ్చినవు. అన్నిటికి నోరు మూస్కొమ్మని ఆమె అన్నదా? ఆమె నోరు మూస్కున్నది, నీకు లెక్కయితలేదా? జాగ చెప్తే కొలువుంటుండె. కొలువు ఇడిచింది గని జాగ ఇడువలే." ఆమె చేట మళ్లీ తీసుకుంది. "నీ బొమ్మల అబద్ధమున్నది. ఆ అబద్ధం నీది. పోయి తెచ్చుకో."

దేవదానానికి సిగ్గేసింది. మంచం దిగి, పొద్దున సైరన్‌కు ముందే నిద్ర లేపమని ఆమెకు చెప్పాడు.

*

సోమవారం సైరన్‌కు ముందే అతను గెస్ట్ హౌస్ లాన్‌లో ఉన్నాడు. బుధవారం గొడుగులు చూసిన చోట మోకాళ్ల మీద కూర్చుని, గడ్డిని చేత్తో పాయలు తీశాడు. దొరికాయి. గడ్డి మొదళ్లలో తెల్లటి మోళ్లు, ఒకే ఏటవాలుగా తెగి ఉన్నాయి. వాటి మొహాలు ఎండి గోధుమరంగు తిరిగాయి. అక్కడే ఒక గొడుగు ముక్క కూడా ఉంది, అడుగున ఆకుపచ్చ.

కామరాజు ఆఫీసు తెరవగానే వెళ్లి నిలబడ్డాడు. బల్ల మీద ట్రేలో టైపు కొట్టిన కాగితం ఉంది. తలకిందులుగా ఉన్నా తన పేరు పోల్చుకున్నాడు.

"రావయ్యా, నీ ఆర్డరే."

"ఒకసారి లాన్‌లకు రావాలె సార్."

కామరాజు వచ్చాడు. వంగి చూశాడు. లేచి మోకాలి మట్టి దులుపుకున్నాడు.

"సంగమ్మ కత్తి వెట్టదు సార్. ఇనుము తాకనియ్యదు. వేరుతోని తీస్తది. ఇవి కత్తితోని కోసినయి. బొమ్మల మూలకున్నయి ఇవే. నేను ఈడ చూసి ఆడ వేసిన. ఆమె జాగల ఇవి లేవు."

కామరాజు వంటింటి వైపు నడిచాడు. నరసరాజు ఉల్లిపాయలు తరుగుతున్నాడు. కామరాజు అతని చేతిలోని కత్తినే చూస్తూ నిలబడ్డాడు. అడగాల్సిన పని లేకపోయింది.

"తక్కువయ్యాయండి" అన్నాడు నరసరాజు. కళ్లలో నీళ్లు ఉల్లిపాయలవో ఏమో. "పదకొండు ప్లేట్లండి. మా వైపు వరిగడ్డి వాముల దగ్గర ఇలాగే తెల్లగా లేస్తాయండి. అవే అనుకున్నానండి. పొద్దున్న భయమేసి మిగతావి పీకి పారేశానండి."

ఆఫీసులోకి తిరిగొచ్చాక కామరాజు కుర్చీలో కూర్చుని చాలాసేపు కళ్లు రుద్దుకున్నాడు. ఆయన చెడ్డవాడేం కాదు. తొందరలో ఉన్న మనిషి, అంతే. బొంబాయికి రిపోర్టు వెళ్లిపోయింది. అందులో బొమ్మ సంగతి కూడా ఉంది.

"రిపోర్టులోంచి ఆమె పేరు తీసెయ్యాలంటే బొమ్మ కల్పితమని నువ్వు రాసివ్వాలి. రాసిస్తే..." ట్రేలో కాగితం మీద వేలుతో కొట్టాడు. "చూసింది చూసినట్టు వేశావనే గదయ్యా ఆయన ఇది ఇమ్మన్నాడు. కాదని నువ్వే సంతకం పెట్టాక నేనెలా ఇవ్వను?"

"కాగితమియ్యండి సార్."

గుండ్రటి అక్షరాలతో, బోర్డు మీద రాసినంత శ్రద్ధగా రాశాడు. కుడివైపు మూల ఉన్న మూడు పుట్టగొడుగులు నేను అడవిలో చూడలేదు. ఫ్యాక్టరీ గడ్డిలో చూసి బొమ్మ బాగుంటుందని వేశాను. కింద సంతకం చేశాడు. కామరాజు ఆర్డరు కాగితాన్ని చింపలేదు. మడిచి సొరుగులో వేసి మూశాడు. చింపినా అంత చప్పుడు వచ్చేది కాదు.

"ఇది ఫైల్లో ఉంటుంది. బయట మాత్రం నోరెత్తొద్దు. గెస్ట్ హౌస్ గడ్డిలో విషం మొలిచిందంటే పరువుండదు. ఆమెను రేపటి నుంచి రమ్మను. ఆ బొమ్మ కూడా పట్టుకుపో, ఆయన మళ్లీ వచ్చినప్పుడు అది ఎదురుగా ఉంటే బాగోదు."

*

మంగళవారం సాయంత్రం షిఫ్టు దిగి, దేవదానం బోర్డును సైకిల్ క్యారియర్ మీద నిలబెట్టి గేటు దగ్గర తాడు కోసం వెతుక్కుంటుంటే సంగమ్మ వచ్చింది. బిళ్ల మళ్లీ కొంగు చివర ముడిలో ఉంది. ఆమె బోర్డు ఒక అంచు పట్టుకుంది.

యాదన్న తాడు తెచ్చి రెండో అంచు పట్టుకున్నాడు. ఇంత దగ్గరగా బొమ్మను చూడడం అతనికి ఇదే మొదలు.

"గదే గుండు" అన్నాడు. "నాకు యాదికొచ్చింది. తునికాకు కల్లం దాటినంక ఎడమ దిక్కు. మా ఇంటోళ్లను వంపుదామనుకున్న, ఇంతింత పుట్టకొక్కులుంటె..."

అతని వేలు బొమ్మ మీద జరుగుతూ కుడి మూలకు వచ్చి ఆగింది. పచ్చ గొడుగుల దగ్గర. వేలు వెనక్కి తీసుకుని పంచెకు తుడుచుకున్నాడు, రంగు ఎప్పుడో ఎండిపోయినా.

"అమ్మో. గీటితోనేనా సారులు పడిపోయింది? వద్దురా నాయినా. గా దిక్కు పిల్లలను గూడ పోనియ్య."

దేవదానం నోరు తెరవబోయాడు. ఈమె తప్పేం లేదన్నా, అవి అక్కడివి కావన్నా అని చెప్పాలనుకున్నాడు. కామరాజు వద్దన్నది గుర్తొచ్చింది గాని, అందుకు ఆగలేదు. సంగమ్మ తాడు ముడి బిగిస్తూ అతని కాలు తొక్కింది. అందుకు ఆగాడు.

ఇద్దరూ ఇస్నాపూర్ రోడ్డు మీదికి వచ్చారు. అతను సైకిల్ నడిపిస్తున్నాడు. ఆమె బోర్డు ఊగకుండా వెనక చెయ్యి వేసి నడుస్తోంది. ఫ్యాక్టరీ లారీలు దుమ్ము లేపుకుంటూ పోతున్నాయి.

"తప్పయింది అక్కా" అన్నాడు. "నోటితోని చెప్పలే గని చేతితోని చెప్పిన. ఇంటికి వోయినంక గుండు మీద నల్లరంగు కొట్టేస్త. ఆ పచ్చయి గూడ తుడిచేస్త. నీ జాగకు మచ్చ తెచ్చిన."

సంగమ్మ నడుస్తూనే బోర్డు తాడు సరిచేసింది.

"ఊరంత గట్లనే అనుకుంటున్నరు. ఇగ సంతల నీ పుట్టకొక్కులు ఎవలు కొంటరు?"

"కొనకుంటె మా అత్త తింటది" అంది. "మూడేండ్లాయె ముసల్దాని నోట్ల ఒక్కటి వడక. మొలిచినయన్ని సంతకే పాయె, లేకుంటె సారుల ఇండ్లకు పాయె." కొంతదూరం నడిచి మళ్లీ అంది. "పోయిన నెల గంప వట్టుకొని వోతె నా ఎనుక నలుగురు ఆడోళ్లు వచ్చిన్రు, జాగ ఏడనో సూద్దామని. ఎంత తిప్పినా ఇడువలే. నిన్న వోయిన. కుక్క గూడ రాలే."

దేవదానం సైకిల్ ఆపి వెనక్కి తిరిగాడు. ఆమె మొహంలో కోపం లేదు, దయ కూడా లేదు. ఒక పని ఎలా చేయాలా అని చూస్తున్న మనిషి మొహం అది. బోర్డు మీదికి వంగి, గుండు పగులును, దాని కింద నేలను పరీక్షగా చూస్తోంది. ఆ నేల మీద అతను పట్టీ బ్లేడుతో ఎర్రరంగు ఒక్క దెబ్బలో పరిచి ఖాళీగా వదిలాడు. బొమ్మ మొత్తంలో తనకు అన్నిటికన్నా నచ్చిన చోటు అదే.

"ఇంట్ల ఏడ పెడతవు దీన్ని?"

"లోపల గోడకు."

"లోపలొద్దు. బయట అరుగు మీద పెట్టు. బజారు దిక్కు."

"పెడత."

"పచ్చయి తుడువకు." ఆమె వేలెత్తి చూపలేదు. గడ్డంతో చూపించింది, గుండు కింది ఆ ఖాళీ నేలను. "గీడ ఇంకో రెండు ఎయ్."